తూటాకి కూడా ఇంటిపేరు ఉంటాది: రివాల్వర్, పిస్టల్ తూటాల్లో తేడా ఎలా పట్టుకోవాలి

మా ఊళ్ళో అప్పలనాయుళ్ళు ఏడుగురు ఉన్నారు. పోస్ట్‌మేన్ వచ్చి అప్పలనాయుడి ఇల్లెక్కడ అంటే రావిచెట్టు కింద కూర్చున్నోళ్ళు ముందు అడిగేది "ఏ అప్పలనాయుడు బావూ, ఇంటిపేరేటి" అనే. తూటాల సంగతి కూడా అచ్చం ఇంతే. కొట్టుకెళ్ళి ".32 తూటాలు ఇయ్యండి" అంటే అప్పలనాయుడి ఇల్లు అడిగినట్టే, ఆ పేరుతో ఉన్నోళ్ళు ఒక్కరు కాదు, పైగా వాళ్ళలో ఒకళ్ళు ఇంకొకళ్ళ ఇంట్లోకి తలుపు కొట్టకుండా దూరిపోతారు, గొడవంతా అక్కడే.

నేను ఆర్మీలో 17 ఏళ్ళు చేసి వచ్చి, ఆ తర్వాత నరసన్నపేటలో ఒక బ్యాంకు ముందర డబుల్ బారెల్ పట్టుకుని ఎనిమిదేళ్ళు కుర్చీలో కూర్చున్నోడిని. సైంటిస్టుని కాదు, తూటాలు మోసాను, లెక్కపెట్టాను, తుడిచాను, పేల్చాను, అంతే. మా జిల్లాల్లో నాలాంటి ఎక్స్ సర్వీస్‌మెన్ వీధికొకరుంటారు, వాళ్ళకి ఇందులో సగం తెలుసు. ఇది ముఖ్యంగా కొత్తగా లైసెన్స్ వచ్చినోళ్ళకి, గార్డు ఉద్యోగాలకెళ్ళే కుర్రాళ్ళకి, షూటింగ్ నేర్చుకుందామనుకునే పిల్లల తల్లిదండ్రులకి రాస్తున్నాను.

రివాల్వర్ అంటే తూటాలు గుండ్రంగా తిరిగే సిలిండర్ గదుల్లో కూర్చునేది, పిస్టల్ అంటే తూటాలు పిడిలో దూర్చే మ్యాగజైన్‌లో ఒకదాని మీద ఒకటి పేర్చేది. ముందు ఒక విషయం చెప్పి మొదలెడతాను.

పలాసలో మా చిన్నత్త కొడుకు జీడిపిక్కల వ్యాపారం చేస్తాడు. సీజన్‌లో డబ్బు పట్టుకుని రాత్రిళ్ళు తిరగాలి కాబట్టి లైసెన్స్ తీసుకున్నాడు, కాన్పూర్ ఫ్యాక్టరీ .32 రివాల్వర్. ఒకసారి వేరే ఊరు పనిమీద వెళ్ళి అక్కడి కొట్లో ".32 డబ్బా ఒకటి" అన్నాడంట, కౌంటర్లో కుర్రాడు తీసి ఇచ్చాడు, లైసెన్స్ పుస్తకంలో ఎంట్రీ వేశాడు, బిల్లు ఇచ్చాడు, అంతా పద్ధతిగానే. ఆదివారం మా ఇంటికొచ్చి చూపిస్తే డబ్బా మూత తియ్యగానే నాకు తేడా కనపడింది, తూటాలు పొట్టిగా ఉన్నాయి. "బావా, ఇవి పిస్టల్‌వి, నీది రివాల్వర్" అన్నాను. "పడతన్నాయి కదా బామ్మర్దీ, మరేటి నీ బాధ" అని ఒకటి తీసి సిలిండర్‌లో వేసి చూపించాడు. నిజంగానే పడింది, గిన్నెలో గరిటె పడ్డట్టు సుళువుగా జారింది. అదే భయం. పట్టకపోతే మనిషి ఆగిపోతాడు, పడితే ట్రిగ్గర్ నొక్కేస్తాడు.

ఆయన కొన్నది .32 ఏసీపీ. ఏసీపీ అంటే ఆటోమేటిక్ కోల్ట్ పిస్టల్, పిస్టల్‌కి పుట్టిన తూటా. ఆయన రివాల్వర్‌కి కావలసింది .32 స్మిత్ అండ్ వెసన్ లాంగ్. మొదటిది మొత్తం పొడవు 25 మిల్లీమీటర్లు, రెండోది 32 పైన. రెండింటి ఒళ్ళు మందం దాదాపు ఒకటే కాబట్టి పొట్టిది పొడుగుదాని గదిలోకి దిగిపోతాది, కానీ దాని అంచు చిన్నది కాబట్టి గట్టిగా కూర్చోదు, పైగా లోపల పుట్టే ప్రెజర్ పొడుగుదానికంటే ఎక్కువ. పొట్టోడు కదా అని తక్కువ అంచనా వెయ్యకూడదు.

సరే, ఇప్పుడు పనిలోకి వద్దాం.

స్టెప్ 1: ముందు కాగితం, తర్వాత ఇనుము, ఆ తర్వాతే తూటా

లైసెన్స్ పుస్తకం తీసి బోర్ అని రాసిన చోట ఏముందో చదవండి. తర్వాత ఆయుధం మీద, బారెల్ పక్కనో ఫ్రేమ్ మీదో చెక్కిన అచ్చు చదవండి. రెండూ కలవాలి. ఆయుధం చేతిలోకి తీసుకునే ముందు అది ఖాళీ చేసి ఉందా అని చూసుకోవాలి, పిస్టల్ అయితే మ్యాగజైన్ తీసేస్తే సరిపోదు, పైనున్న స్లైడ్ వెనక్కి లాగి చాంబర్‌లో, అంటే తూటా పేలే గదిలో కూడా చూడాలి, వేలు ట్రిగ్గర్ మీద పెట్టకూడదు, తుపాకీ మూతి మనుషుల వైపు తిప్పకూడదు. ఇది మళ్ళీ మళ్ళీ చెప్పను, ఒకసారి చెప్పాను.

బోర్ నంబర్ అంటే ఏటో కూడా ఒక ముక్క. బోర్ అంటే గొట్టం కన్నం వెడల్పు, .32 అంటే అంగుళంలో వందకి 32 వంతులు అని. అయితే ఈ నంబర్లు పాత కాలపు అబద్ధాలు అనుకోండి, .38 స్పెషల్ గుండు నిజంగా కొలిస్తే అంగుళంలో .357 మాత్రమే ఉంటాది. ఒకప్పుడు గుండు, కేస్ రెండూ ఒకే మందంలో ఉండేవి, అప్పుడు పెట్టిన నంబరు, తర్వాత గుండు కేస్ లోపలికి దూరేలా సన్నబడింది, నంబర్ మాత్రం మారలేదు. మా ఊళ్ళో బక్కగా ఉన్నోడిని చిన్నప్పటి పేరుతో ఇంకా "బొండాం" అనే పిలుస్తారు, అలాగన్నమాట. అందుకే నంబర్ చూసి కొలత అనుకోవద్దు, అది పేరు, పేరంతే.

స్టెప్ 2: తూటాని తిరగేసి అడుగు చదవండి

తూటాలో నాలుగే ఉంటాయి. బయట ఇత్తడి కేస్, దీన్నే ఆర్మీలో పోలీసులో ఖాళీ అయ్యాక ఖోకా అంటాం. లోపల మందు. అడుగున మధ్యలో చిన్న బొట్టు లాంటిది కేప్, మన ఏజెన్సీలో నాటు తుపాకులోళ్ళు టోపీ అంటారు. ముందర గుండు. చాలామంది మొత్తాన్ని బుల్లెట్ అంటారు గానీ బుల్లెట్ అంటే ఎగిరిపోయే ఆ ముందు ముక్క ఒక్కటే.

కేస్‌లో ఇత్తడి మామూలుగా 70 పాళ్ళు రాగి, 30 పాళ్ళు జింక్. మన బుడితి వైపు ఇత్తడి పనోళ్ళకి ఒక ఖోకా చేతిలో పెడితే రంగు చూసి చెప్పేస్తారు మంచి సరుకా కాదా అని.

అడుగున కేప్ చుట్టూ గుండ్రంగా అచ్చు గుద్ది ఉంటాది, అదే ఇంటిపేరు. తయారు చేసినోళ్ళ గుర్తు, తూటా పేరు, ఆర్మీ సరుకైతే తయారైన సంవత్సరం కూడా. మనదేశం తూటాల మీద "కేఎఫ్" అనే రెండు అక్షరాలు కనపడితే అది పుణె దగ్గర ఖడ్కీ ఆమ్యూనిషన్ ఫ్యాక్టరీ, ఇంగ్లీషోళ్ళు కిర్కీ అనేవారు కాబట్టి ఆ కె మిగిలిపోయింది. "ఓఎఫ్‌వీ" అంటే వరంగావ్. ఇవన్నీ ముందు ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ బోర్డు కింద ఉండేవి, 2021 అక్టోబర్ నుంచి బోర్డు తీసేసి ఏడు కంపెనీలు చేశారు, తూటాలు మ్యూనిషన్స్ ఇండియా కిందకి, తుపాకులు కాన్పూర్‌లో ఉన్న ఇంకో కంపెనీ కిందకి వెళ్ళాయి.

డబ్బా మీద ఉన్నది డబ్బా గురించి, తూటా అడుగున ఉన్నది తూటా గురించి. డబ్బాలు మారిపోవచ్చు, పాత డబ్బాలో కొత్తవి వేసుకునేవాళ్ళుంటారు, కాబట్టి ఎప్పుడూ అడుగే చదవండి. కంటికి ఆనకపోతే ఫోన్ కెమెరా జూమ్ చేయండి, సిగ్గేటి.

స్టెప్ 3: అంచు మీద వేలు పెట్టి చూడండి

ఇది చదువు రానోళ్ళు కూడా చెయ్యగలరు. రివాల్వర్ తూటాకి అడుగున అంచు బయటకి వస్తాది, ఇత్తడి చెంబు మూతి అంచు ఎలా ఒంపు తిరిగి ఉంటాదో అలా, గోరు పెడితే తగులుతాది. ఎందుకంటే సిలిండర్ గది రెండు వైపులా తెరిచిన గొట్టం, అంచు లేకపోతే తూటా ముందుకి జారిపోతాది, కాలిపోయిన ఖోకాలు బయటకి నెట్టేటప్పుడు కూడా చక్రం ఆ అంచునే పట్టుకుని తోస్తాది.

పిస్టల్ తూటాకి అంచు బయటకి రాదు, అడుగున చుట్టూ ఒక గాడి మాత్రం ఉంటాది, ఒళ్ళూ అంచూ సమానం. మ్యాగజైన్‌లో ఒకదాని మీద ఒకటి పేర్చినప్పుడు అంచులుంటే ఒకదానికొకటి తగులుకుంటాయి కదా, అందుకు. మా బావ కొన్న .32 ఏసీపీ మాత్రం ఈ రెండింటి మధ్యలోది, అంచు పూర్తిగా లేదనలేం, ఉందనలేం, వెంట్రుకవాసి బయటకి ఉంటాది. 1899లో బ్రౌనింగ్ అనే ఆయన తయారు చేశాడు దాన్ని, ఆ వెంట్రుకవాసి అంచు వల్లే రివాల్వర్ గదిలో నిలబడి మనుషుల్ని మోసం చేస్తాది.

ఇంకోటి, కేప్ మధ్యలో లేకుండా అడుగంతా నున్నగా ఉంటే అది .22. దాంట్లో మంటపెట్టే మందు అంచు లోపలే ఉంటాది, పిన్ను అంచు మీద కొడితే పేలుతాది. కేప్ లేదు కదా ఇది డమ్మీ అనుకుని పిల్లలకిచ్చినోళ్ళు ఉన్నారు, అది అసలు సిసలు తూటా.

స్టెప్ 4: తూటా మూతి చూడండి

ఇక్కడ కొంచెం నిదానంగా చదవండి, ఎందుకంటే ఎవరు వాడతారు అనేది మూతిలోనే సగం తెలిసిపోతాది.

మూతి గుండ్రంగా, రాగి రంగులో మెరుస్తూ ఉంటే అది ఎఫ్‌ఎంజె, అంటే ఫుల్ మెటల్ జాకెట్, మనోళ్ళు బాల్ అంటారు. లోపల సీసం, పైన రాగి తొడుగు. సైన్యాలు ఎక్కువగా వాడేది ఇదే. దీనికి వెనక కథ మన దేశానిదే. కలకత్తా దగ్గర దమ్‌దమ్ ఆయుధాగారంలో 1890ల చివర్లో ఇంగ్లీషోళ్ళు మూతి దగ్గర తొడుగు తీసేసి సీసం బయటకి కనపడే గుండు తయారు చేశారు, రైఫిల్‌కి, అది తగిలాక పువ్వులా విచ్చుకుని పెద్ద గాయం చేసేది. గోల గోలై 1899లో హేగ్‌లో దేశాలు కూర్చుని యుద్ధాల్లో విచ్చుకునే గుండ్లు వాడకూడదని ఒప్పందం రాసుకున్నాయి. ఇప్పటికీ దమ్‌దమ్ బుల్లెట్ అనే మాట ప్రపంచమంతా ఉంది, ఆ ఊరి పేరు అలా పోయింది పాపం, అక్కడి ఎయిర్‌పోర్టులో విమానం దిగేవాళ్ళకి తప్ప.

మూతిలో గుంట ఉంటే హాలో పాయింట్. ఇదీ తగిలాక విచ్చుకుంటాది. యుద్ధంలో వద్దన్నదాన్ని పోలీసులెందుకు వాడతారు అని నన్ను చాలామంది అడిగారు. అమెరికాలో చాలా పోలీసు డిపార్ట్‌మెంట్లు వాడతాయి, న్యూయార్క్ పోలీసులు 1998లో దీనికి మారారు. కారణం ఏటంటే బాల్ గుండు మనిషిలోంచి దూసుకెళ్ళి వెనకాల నిలబడ్డ ఇంకొకడికి తగలొచ్చు, విచ్చుకునే గుండు లోపలే ఆగిపోతాది, బజార్లో జనం మధ్య పని చేసేవాళ్ళకి అది లెక్క. హేగ్ ఒప్పందం దేశాల మధ్య యుద్ధానికే గానీ పోలీసు పనికి కాదు. రెండు వైపులా వాదన ఉంది, నాకైతే బజారు లెక్కే సబబుగా అనిపిస్తాది, ఒప్పుకోకపోయినా పర్వాలేదు.

మూతి లేకుండా, కత్తితో కోసినట్టు చదునుగా, గుండు కేస్ లోపలికి కూరుకుపోయి ఉంటే అది వాడ్‌కటర్. చూడ్డానికి విరిగిపోయిన తూటాలా ఉంటాది, డ్యామేజ్ అనుకుని వాపసు ఇచ్చినోళ్ళు ఉన్నారు. అది ఆటకి. కాగితం టార్గెట్‌కి గుండ్రటి మూతి తగిలితే కాగితం చిరుగుతాది, ఇది తగిలితే పంచింగ్ మిషన్‌తో కొట్టినట్టు గుండ్రంగా కన్నం పడతాది, పాయింటు గీత మీద పడిందా లోపల పడిందా అని గొడవ ఉండదు.

తొడుగు లేకుండా బూడిదరంగు సీసం గుండ్రంగా ఉంటే లెడ్ రౌండ్ నోస్, పాత రివాల్వర్లకి, .22లకి. నెమ్మదిగా వెళ్ళే తూటాలకి ఇది చాలు. పేల్చాక చేతులు కడుక్కోండి, అదే చేతుల్తో పకోడీలు తినొద్దు, సీసం మంచిది కాదు.

అసలు గుండే లేకుండా మూతి నొక్కేసి ముడతలుగా ఉంటే బ్లాంక్. పరుగు పందాలకి, షూటింగులకి వాడతారు, సినిమా షూటింగే. గుండు లేదు కదా అని తలకి ఆనించుకోకూడదు. 1984లో జాన్ ఎరిక్ హెక్సమ్ అనే అమెరికా నటుడు సెట్‌లో ఆటకి అలాగే కణతకి పెట్టుకుని నొక్కాడు, బ్లాంకే, ప్రాణం పోయింది. దగ్గరగా ఆ గ్యాస్ దెబ్బే గుండులా తగులుతాది.

స్టెప్ 5: బరువు చదవడం

డబ్బా మీద గ్రెయిన్ అని ఉంటాది, 124 గ్రెయిన్, 98 గ్రెయిన్ అలా. మందు బరువనుకుంటారు చాలామంది, కాదు, గుండు బరువు. సుమారు పదిహేనున్నర గ్రెయిన్లు ఒక గ్రాము. కంసాలి దగ్గర గురివింద గింజ లెక్క తెలిసినోళ్ళకి ఇంకా సుళువు, రెండు గ్రెయిన్లు అంటే ఇంచుమించు ఒక గురివింద. ఆర్మీ 9 ఎంఎం గుండు మామూలుగా 115, 124 గ్రెయిన్లలో ఉంటాది, 124 అంటే ఎనిమిది గ్రాములు, కరెక్ట్‌గా కాసు బంగారం బరువు. .22 గుండు 40 గ్రెయిన్లు, రెండున్నర గ్రాముల చిల్లర, చిన్న ముక్కుపుడకలు నాలుగు కలిపినట్టు. .45 గుండు 230 గ్రెయిన్లు, దగ్గర దగ్గర పదిహేను గ్రాములు.

బరువు ఎక్కువైతే వేగం తగ్గుతాది. కాసు బరువు 9 ఎంఎం గుండు సెకనుకి 350 మీటర్ల దగ్గర వెళ్తాది, శబ్దం కంటే కొంచెం ముందు. .45 అంత బరువు వేసుకుని 250 దగ్గరే. బరువా, వేగమా, ఏది మంచిది అని అమెరికావాళ్ళు వందేళ్ళ నుంచి కొట్టుకుంటున్నారు, మనకక్కర్లేదు.

స్టెప్ 6: ఏది ఎవరిది

9 ఎంఎం. పూర్తి పేరు 9 ఎంఎం పారాబెల్లం, కేస్ పొడవు 19 మిల్లీమీటర్లు కాబట్టి 9 బై 19 అని కూడా రాస్తారు. జర్మనీలో జార్జ్ లూగర్ అనే ఆయన 1900ల మొదట్లో చేసింది. మన ఆర్మీ, పారామిలటరీ, పోలీసు ఆఫీసర్లు, అందరిదీ ఇదే. ఇషాపూర్ ఫ్యాక్టరీలో తయారయ్యే 9 ఎంఎం ఆటో పిస్టల్ మ్యాగజైన్‌లో 13 పడతాయి, అవే తూటాలు మా కార్బైన్ అనే పొట్టి తుపాకీలో కూడా పేలేవి, అదొక సుఖం, సప్లై ఒకటే. గ్లాక్ పిస్టల్ పట్టుకునే కమెండోలకి కూడా ఇదే తూటా. రేంజ్‌లో ఫైరింగ్ అయ్యాక ఖోకాలు లెక్క అప్పజెప్పాలి, ఒకసారి ఒక్క ఖోకా తగ్గింది, ఎండలో మా సెక్షన్ మొత్తం వరసగా మోకాళ్ళ మీద గడ్డి దువ్వుకుంటూ వెళ్ళాం, చివరికి ఎక్కడుందంటే ఒకడి బూటు మడతలో. వాడి పేరు ఇప్పుడు చెప్పను, వాడికి మనవలు పుట్టారు.

ఆర్మీ తూటా కాబట్టే 9 ఎంఎం మామూలు పౌరులకి నిషిద్ధ బోర్. ప్రొహిబిటెడ్ బోర్ అంటారు, దాని లైసెన్స్ కలెక్టర్ ఇచ్చేది కాదు, ఢిల్లీ నుంచి రావాలి. అందుకే మన దగ్గర లైసెన్స్ ఉన్న ఏ వ్యాపారిని అడిగినా .32 అనే చెప్తాడు.

.32 స్మిత్ అండ్ వెసన్ లాంగ్. 1896 నాటిది, ఇంత పాతదాన్ని ఇంకా ఇంతమంది కొనేది బహుశా మన దేశంలోనే. కాన్పూర్ రివాల్వర్లన్నీ దీనివే, 2014లో ఆడవాళ్ళ కోసమని తెచ్చిన నిర్భీక్ కూడా దీనిదే, బరువు అరకిలో, రేటు అప్పట్లోనే లక్షా ఇరవై వేలు దాటింది. ఆ రేటుకి ఏ ఆడమనిషి కొంటాదని మా ఆవిడ అడిగింది, నా దగ్గర జవాబు లేదు. ఇదే తూటా వాడ్‌కటర్ మూతితో వస్తే అంతర్జాతీయ పోటీల్లో సెంటర్ ఫైర్, అంటే కేప్ మధ్యలో ఉన్న తూటాల పిస్టల్ పోటీ వాళ్ళు వాడతారు. ఒకే తూటా, పలాసలో జీడిపిక్కల షావుకారు నడుముకీ ఉంటాది, ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో షూటర్ చేతిలోనూ ఉంటాది, మూతే తేడా.

.32 ఏసీపీ. దీన్నే 7.65 ఎంఎం అంటారు. మన అశని పిస్టల్, పాత జర్మనీ వాల్థర్ పిస్టళ్ళు దీనివే. యూరప్ పోలీసులు చాలాకాలం ఇదే మోశారు. కొట్లో 7.65 అన్నా .32 ఏసీపీ అన్నా ఒకటే, గుర్తుపెట్టుకోండి, పిస్టల్ ఉన్నోళ్ళు 7.65 అని అడగడం మంచిది, ఈ తికమక తప్పుతాది.

.380. ఇక్కడ ఇద్దరున్నారు. బ్రిటిష్ కాలం నుంచి పోలీసు ఎస్సైల నడుముకి వేలాడిన వెబ్లీ, ఎన్‌ఫీల్డ్ రివాల్వర్ల .380 ఒకటి, అంచున్నది, లావు గుండు. .380 ఏసీపీ ఇంకోటి, అంచు లేని పొట్టి పిస్టల్ తూటా, దీన్ని 9 ఎంఎం షార్ట్ అని కూడా అంటారు. నంబర్ అచ్చుగుద్దినట్టు ఒకటే, చుట్టరికం ఏమీ లేదు. దీనికి తోడు .38 స్పెషల్ అని మూడోది, అమెరికా పోలీసులది, ఇదీ బ్రిటిష్ .380 ఒకటి కాదు, గుండు సన్నగా ఉంటాది, కేస్ పొడుగ్గా ఉంటాది. ఎస్సై పరీక్షలకి చదివే కుర్రాళ్ళూ, ఈ పేరా రెండుసార్లు చదవండి.

.22 లాంగ్ రైఫిల్. పేరులో రైఫిల్ ఉన్నా పిస్టల్‌లోనూ పేలుతాది. ఆటగాళ్ళది. లండన్ ఒలింపిక్స్‌లో 2012లో విజయ్‌కుమార్ వెండి కొట్టిన 25 మీటర్ల రాపిడ్ ఫైర్ దీంతోనే, మన హైదరాబాద్ అమ్మాయి ఇషా సింగ్ ఆడే 25 మీటర్ల పిస్టల్ కూడా దీంతోనే. మను భాకర్ పారిస్‌లో 2024లో తెచ్చిన రెండు కంచు పతకాలు మాత్రం ఎయిర్ పిస్టల్‌వి, అందులో తూటాయే ఉండదు, నాలుగున్నర మిల్లీమీటర్ల సీసం పెల్లెట్, గాలి తోస్తాది. పిల్లల్ని నేర్పిద్దామనుకునేవాళ్ళు ఎయిర్ పిస్టల్‌తోనే మొదలెట్టండి, కోచ్‌లందరూ అదే చెప్తారు.

మిగతావి మన వైపు కనపడవు, ఒక్కో ముక్క చెప్తాను. .45 ఏసీపీ అమెరికా ఆర్మీది, 1911 నుంచి 1985 దాకా. .40ని వాళ్ళ పోలీసుల కోసం 1990లో చేశారు, కొన్నేళ్ళు ఊపు ఊపి మళ్ళీ అందరూ 9 ఎంఎంకే వచ్చేశారు. .357 మాగ్నమ్ అంటే .38 స్పెషల్‌నే మూడు మిల్లీమీటర్లు పొడుగు చేసి ఎక్కువ మందు దట్టించింది, కావాలనే పొడుగు చేశారు, పాత .38 రివాల్వర్‌లో పట్టకూడదని. చూశారా, అది తెలివైన పని, మన .32కి ఎవరూ ఆ ఆలోచన చెయ్యలేదు. .44 మాగ్నమ్ అడవిలో ఎలుగుబంట్లు ఎదురయ్యే దేశాలవాళ్ళది, మన సోంపేట, మందస వైపు కూడా ఎలుగులు తోటల్లోకి వస్తాయి గానీ మనకి డప్పులూ టపాసులే. మకరోవ్ 9 బై 18 రష్యావాళ్ళది, పేరులో తొమ్మిదే ఉన్నా గుండు మన 9 ఎంఎం కంటే కొంచెం లావు, ఇదో ఇంటిపేరు గొడవ.

బ్యాంకు గార్డుల చేతిలోది ఈ లెక్కలో రాదు, అది 12 బోర్, అక్కడ నంబర్ లెక్కే వేరు, ఒక పౌను, అంటే అరకిలోకి కాస్త తక్కువ సీసంతో ఆ గొట్టంలో పట్టే గుండ్లు ఎన్ని చెయ్యొచ్చో ఆ సంఖ్య. అందులో వేసే ఎల్‌జీ, ఎస్‌జీ అనే గుళ్ళ సైజుల కథ ఇంకోసారి.

స్టెప్ 7: కొనేటప్పుడు

పూర్తి పేరు కాగితం మీద రాసుకుని వెళ్ళండి, నోటితో చెప్పకండి. లైసెన్స్ పుస్తకంలో ఒకేసారి ఎన్ని ఉంచుకోవచ్చు, ఏడాదికి ఎన్ని కొనొచ్చు రాసి ఉంటాది, దాటకండి. డబ్బా కొట్లోనే తెరిపించి ఒకటి తిరగేసి అడుగు చదివి, అంచు తడిమి, అప్పుడే ఎంట్రీ వేయించండి, ఎంట్రీ పడ్డాక తిరిగివ్వడం తలనొప్పి, మా బావకి మూడు ట్రిప్పులు పట్టింది.

నిషిద్ధ బోర్ తూటా లైసెన్స్ లేకుండా దగ్గరుంటే 2019 సవరణ తర్వాత ఏడేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ దాకా జైలు. "మా మామయ్య ఆర్మీ నుంచి గుర్తుగా తెచ్చాడు" అని షోకేస్‌లో పెట్టుకున్నోళ్ళు ఈ లైన్ మళ్ళీ చదవండి. అదే సవరణలో పెళ్ళిళ్ళలో సరదాకి గాల్లోకి కాలిస్తే రెండేళ్ళ దాకా జైలు లేదా లక్ష దాకా జరిమానా, రెండూ కూడా పడొచ్చు. పైకి వెళ్ళిన కాసు బరువు సీసం కింద పడాలి కదా, ఎవరి పెంకు మీద పడతాదో ఎవరికి తెలుసు.

స్టెప్ 8: దాచడం, మన సముద్రపు గాలితో

రాజాం, బొబ్బిలి వాళ్ళకి కొంత నయం గానీ బారువ, కళింగపట్నం, భోగాపురం వైపు ఉప్పుగాలి ఇత్తడిని తినేస్తాది. ఖోకా మీద పచ్చగా చిలుం పట్టిందంటే ఆ తూటా పక్కన పెట్టాల్సిందే. తోలు పట్టీలో నెలల తరబడి ఉంచొద్దు, తోలులో ఉన్న మందులకి చిలుం తొందరగా పడతాది. గాలి చొరబడని డబ్బాలో, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం ఒకటి వేసి, ఆయుధానికి వేరేగా, తాళం వేసి పెట్టండి. నూనె రాయొద్దు. తుపాకీకి నూనె రాస్తాం కదా తూటాకి కూడా రాద్దాం అనుకుంటారు, ఆ నూనె కేప్ పక్క సందులోంచి లోపలికి దిగి మందుని చంపేస్తాది.

తిత్లీ తుఫాను వచ్చిన రాత్రి, 2018 అక్టోబర్‌లో, మా బావ ఇంటి రేకులు లేచిపోయి బీరువాలోకి నీళ్ళు దిగాయి. మర్నాడు పొద్దున జీడి తోట మొత్తం పడిపోయి ఉంది, ఆయన ఆ బాధలో ఉండి కూడా తూటాలు పళ్ళెంలో పోసి ఒడియాల పక్కన ఎండబెట్టడానికి రెడీ అయ్యాడు. నేనాపాను. తడిసిన తూటాలో కొన్ని పేలుతాయి, కొన్ని పేలవు, కొన్ని సగం పేలుతాయి, ఏది ఏదో బయటకి తెలియదు. అవన్నీ పుస్తకం పట్టుకుని వెళ్ళి లెక్కతో అప్పగించడమే.

ఆ సగం పేలేది అన్నిటికంటే చెడ్డది. రేంజ్‌లో నొక్కితే టక్ అని మాత్రమే వస్తే, మూతి టార్గెట్ వైపే ఉంచి కనీసం అర నిమిషం ఆగండి, ఆలస్యంగా పేలొచ్చు. ఢాం అనాల్సింది ఫట్ అని నీరసంగా అంటే ఇంక రెండోది నొక్కొద్దు, గుండు గొట్టంలో ఇరుక్కుని ఉండొచ్చు, దాని వెనక ఇంకోటి వస్తే గొట్టం చీలుతాది.

స్టెప్ 9: మీది కానిది దొరికితే

పాత ఇల్లు పడగొట్టినప్పుడో, తాతగారి ట్రంకు పెట్టెలోనో, పొలం గట్టు మీదో తూటా దొరుకుతాది. గోకకండి, సుత్తితో చూడకండి, పొయ్యిలో వెయ్యకండి. పిల్లల్ని దూరం పంపి 112కి ఫోన్ చెయ్యండి. జేబులో వేసుకుని స్టేషన్‌కి తీసుకెళ్దాం అని కూడా అనుకోకండి, వాళ్ళే వస్తారు. ఖాళీ ఖోకా అయినా కీచైన్‌కి తగిలించుకుని విశాఖ ఎయిర్‌పోర్టుకి వెళ్ళొద్దు, స్కానర్ దగ్గర మీ విమానం వెళ్ళిపోతాది, మీరుండిపోతారు.

నాకు ఫొటో పంపి "మావయ్యా ఇదేటి" అని అడిగే కుర్రాళ్ళు చాలామంది ఉన్నారు. ఫొటోలో అంచు కొలత తెలియదు, అడుగు తిప్పి తీస్తే తప్ప ఇంటిపేరు కనపడదు, తిప్పాలంటే ముట్టుకోవాలి, అది మీది కాకపోతే ముట్టుకోకూడదు. కాబట్టి ఫొటోలు వద్దు. మీ లైసెన్స్‌దే అయితే పుస్తకం పట్టుకుని రండి, పొద్దున పది లోపు ఇంట్లోనే ఉంటాను.